మామ జేబులోని అయస్కాంతాలు

మా మేనమామ పోయాడు. పొద్దున్నే చాయ్ పెట్టుకుంటుంటే హాస్పిటల్ నుంచి అత్త ఫోన్ చేసి, "మీ మామ ఇగ లేడే" అని ఆ ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. వానాకాలం మొదట్లో పట్టుకున్న దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అయింది. మందులకు లొంగినట్టే లొంగి మళ్లీ తిరగబెట్టింది. అంతే. ఇంత సాదాగా చెప్పడానికి కారణం ఉంది. జేబులోని అయస్కాంతాలే ఆయన గుండెను ఆపేశాయని కాప్రాలో వాళ్ల వీధిలో అప్పుడే వేరే కథ షురూ అయింది. అందుకని ముందే చెప్పేస్తున్నాను: మా మామ అయస్కాంతాల వల్ల పోలేదు. గుండె చివరిదాకా తన పని తాను చేసిందని డాక్టరమ్మే మాతో చెప్పింది.

అయస్కాంతాలకూ గుండెకూ ఏం సంబంధం అంటారా? అదే చెప్పబోతున్నాను.

మామ లాలాగూడలో రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మెకానిక్ కాదు, ఇంజనీరు అసలే కాదు. వారమంతా ఫైళ్లు, ఆదివారం మాత్రం కారు. అత్తకు మోకాళ్ల నొప్పులు మొదలై బస్సు మెట్లు ఎక్కలేకపోతుంటే ఒక చిన్న తెల్ల కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వాళ్లకు పిల్లలు లేరు. నేనూ మా తమ్ముడూ ఆ ఇంట్లోనే సగం పెరిగాం. ఆ కారు వచ్చాక మా ఇద్దరికీ పోటీగా మూడో మనిషి వచ్చినట్టయింది. దాని ఇంజన్‌ని ఒక్కసారి కూడా విప్పించకుండా నడపాలన్నది మామ పంతం. ఎందుకు అంత పంతం అని అడిగితే, "ఒక్కసారి విప్పినంక ఏ ఇంజన్ మునుపటి లెక్క ఉండదే" అనేవాడు.

ఆఫీసులో ఎవరో ఆయనకు ఒక మాట చెప్పారట. ఇంజన్‌లో ఇనుము ఇనుముతో రాసుకుంటూనే ఉంటుంది, పిండికంటే సన్నటి పొడి రాలి నూనెలో కలిసి తిరుగుతుంది. ఆయిల్ ఫిల్టర్ లోపలుండే కాగితం పెద్ద రేణువుల్ని ఆపుతుంది గానీ మరీ సన్నవి దాటిపోయి మళ్లీ ఇంజన్‌నే అరగదీస్తాయి. ఫిల్టర్ అంటే బయటికి ఒక ఇనుప డబ్బాయే కాబట్టి దానికి బయట నుంచి బలమైన అయస్కాంతం అంటిస్తే ఆ సన్నపొడి లోపలి గోడకు అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. ఇదీ సంగతి. మామకు ఇది ఎంత నచ్చిందంటే, "కాయితం ఇడిసిపెట్టింది నేను పట్టుకుంట" అనేవాడు, తనే ఆ డబ్బాలో కూర్చుని పట్టుకుంటున్నట్టు.

మామూలు అయస్కాంతాలు పనికిరావు కదా. రాణీగంజ్‌లో పాత సామాన్ల దుకాణాల చుట్టూ తిరిగి, చెడిపోయిన కంప్యూటర్ హార్డ్ డిస్కులు తెచ్చి విప్పేవాడు. వాటి లోపల నెలవంకలాంటి చిన్న ముక్కలుంటాయి. చూడ్డానికి ఏమీ ఉండవు, ఒకదానికొకటి అంటుకుంటే విడదీయడానికి గోళ్లు ఊడొస్తాయి. ఇంజన్ వేడికి వాటి బలం మెల్లగా తగ్గుతుందని, మార్చడానికి రెండు మూడు ఎప్పుడూ చొక్కా ఎడమ జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఏ చొక్కా తొడిగినా ఎడమ జేబు కిందికి సాగి ఉండేది. ఇనుప బీరువాకు ఆనుకుని మాట్లాడితే టక్కున అతుక్కుపోయేవాడు. అత్త బట్టలు కుట్టుకుంటుంటే పక్కన కూర్చోనిచ్చేది కాదు.

"సూది కిందపడ్డదంటే ఎతికే పనే లేదు, మీ మామ జేబు చూస్తే సాలు" అనేది.

నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. జడలో నల్ల పిన్నులు దండిగా పెట్టుకునేదాన్ని. పరీక్ష పాసయ్యానని పరుగెత్తుకెళ్లి మామను పట్టుకుంటే, జారుతున్న పిన్నొకటి ఆయన జేబుకు అంటుకుపోయింది. దాన్ని పీకి నా చేతిలో పెట్టి, "నీ పిన్ను నీకు. నాది గానిది నా జేబుల ఉండొద్దు" అన్నాడు. తర్వాత అదొక ఆటయింది. ఎవరింటికి వెళ్లొచ్చినా జేబు తడుముకుని, ఒక సేఫ్టీ పిన్నో గుండుసూదో దొరికితే, "గిది ఎవ్వల్దిరా?" అని అడిగి మరీ ఇచ్చేసేవాడు. గుండుసూది కోసం పక్కవీధికి తిరిగి వెళ్లిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

మొదటిసారి అయస్కాంతాలు పెట్టిన ఫిల్టర్‌ను మార్చిన రోజు గురించి చెప్పాలి. లోపల ఏం దొరికిందో చూడాలని ఆయనకు ఆగలేదు. ఇనుపరంపం తెచ్చి, అయస్కాంతాలు అలాగే ఉంచి, ఫిల్టర్ డబ్బాను అడ్డంగా కోసేశాడు. తెరిచి చూస్తే లోపలి గోడకు మిలమిలా మెరిసే పొడి గుప్పెడంత! మామ ఆనందం చూడాలి. ఆ డబ్బాను పళ్లెంలో పెట్టుకుని, పెళ్లి పత్రికలు పంచినట్టు ఇంటింటికీ తిరిగాడు. "చూడుండ్రి, గిదంత నా ఇంజన్ల తిరుగుతుండె. పట్టుకున్న!" అని. వీధిలో పెద్దమనుషులు కళ్లజోళ్లు పెట్టుకుని చూసి వహ్వా అన్నారు. ఒకాయన తన స్కూటర్‌కు కూడా పెట్టించుకుంటానన్నాడు. స్కూటర్‌కు ఆ డబ్బా ఫిల్టరే లేదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఆ సాయంత్రమే యాప్రాల్ రోడ్డు మీద ఆయన కారు చూసే మెకానిక్ దగ్గరికి అదే పళ్లెం పట్టుకుని వెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను. మెకానిక్ పళ్లెంలోకి చూసి, మామ మొహంలోకి చూసి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"సార్, దీన్ని దేనితోని కోసిన్రు?"

"రంపంతోని."

"మరి గది రంపం పొడి సార్. డబ్బా కోసినప్పుడు రాలింది. మీ మ్యాగ్నెట్లు దాన్నే గుంజుకున్నయ్. ఇంజన్‌ల గింత పొడి రాలితే మీరు కారుల రారు, తోసుకుంట వస్తరు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మామ నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. కాసేపు ఆ పళ్లెంలోకే చూసి, "నిజమే గదా" అన్నాడు. సిగ్గుపడుతున్నాడేమో, ఈ సంగతి ఇక్కడితో వదిలేస్తాడేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున చొక్కా తొడుక్కుని, నిన్న ఎక్కిన గడపలన్నీ మళ్లీ ఎక్కాడు. "నిన్న నేను జూపించింది తప్పు. గది రంపం పొడి. అసలుది నేనింక సూడనే లేదు" అని చెప్పి వచ్చాడు. నిన్న పళ్లెం వైపు తలతిప్పి చూడని వాళ్లకు కూడా చెప్పాడు. "అన్నయ్యా, మీరేం చూపించారో మాకు యాదే లేదు" అని ఒకావిడ అంటే, "మీకు లేకున్నా నాకుంది గదమ్మా" అన్నాడట.

తర్వాత పొడి రాలకుండా కోసే చిన్న చక్రం కటర్ ఒకటి సంపాదించాడు. అప్పుడు బయటపడింది అసలు సరుకు. మెరుపూ లేదు, గుప్పెడూ లేదు. అయస్కాంతం ఆనిన చోట, దాని ఆకారంలోనే, కాటుకలా నల్లటి ముద్ద, గోటితో గీకితే గోటికి సరిపోయేంత.

"గింతేనా మామా?" అన్నాను.

"గింతనే" అన్నాడు తృప్తిగా, దాన్ని వేళ్ల మధ్య రుద్దుకుంటూ. "గీ గింత తిరుగుత లేదు గదా."

మెకానిక్‌కూ ఆయనకూ ఈ విషయంలో చివరిదాకా రాజీ కుదరలేదు. నూనె వేళకు మారిస్తే ఆ నల్లముద్దంతా నూనెతోనే పోతుందనీ, పైగా అల్యూమినియం పొడినీ బయటి దుమ్మునూ అయస్కాంతం ముట్టనే ముట్టదనీ మెకానిక్ వాదన. మామ అన్నీ ఒప్పుకునేవాడు. "మ్యాగ్నెట్ పెట్టిన్నని ఆయిల్ మార్చుడు ఆలస్యం జేసెటోడు గాడిద" అని తనే అనేవాడు. అయినా పెట్టేవాడు. ఆ ఇంజన్‌ను ఇప్పటిదాకా విప్పలేదన్నది నిజం. అయస్కాంతాల వల్లేనా అంటే నేను చెప్పలేను. ఆయన నూనె వేళకు మార్చేవాడు, ఇంకా వేడెక్కని ఇంజన్‌ను ఉరికించేవాడు కాదు, వెనకాల ఎవరు ఎంత హారన్ కొట్టినా మెల్లగానే పోయేవాడు. వీటిలో ఏది ఎంత కాపాడిందో ఆయనకూ తెలియదు. తెలుసని ఎప్పుడూ అనలేదు.

రిటైరైన కొన్నాళ్లకు కూరగాయల సంచితో గేటు దాకా వచ్చి మామ కళ్లు తిరిగి పడిపోయాడు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని, పేస్‌మేకర్ పెట్టాలని అన్నారు. డాక్టరమ్మ వయసులో చిన్నది, నెమ్మదస్తురాలు. ఎడమ వైపు, మెడ ఎముక కింద, చర్మం లోపల చిన్న మిషన్ పెడతామని వివరించి జాగ్రత్తలు చెప్పింది. ఫోన్ ఆ వైపు జేబులో పెట్టొద్దు, నడుస్తున్న ఇంజన్ మీదికి వంగొద్దు, బలమైన అయస్కాంతాలను దగ్గరికి రానివ్వొద్దు, కనీసం జానెడు దూరం ఉండాలి. అయస్కాంతం దగ్గరికొస్తే మిషన్ తన లెక్క మరిచి వేరే లెక్కలో కొడుతుంది, దూరం చేస్తే మళ్లీ మామూలవుతుంది అని కూడా చెప్పింది. అత్త చెవికి మొదటి సగమే చేరింది. ఆమె తల తిప్పి కొక్కేనికి వేలాడుతున్న మామ చొక్కాను చూసింది. ఎడమ జేబు కిందికి సాగి ఉంది.

మామ బాగా ఆలోచించి అడిగాడు. "మేడమ్, కుడి దిక్కు పెట్టరా? ఎడమ దిక్కు నా జేబుంది."

డాక్టరమ్మ నవ్వింది. "అంకుల్, మిషన్ కాదు, జేబు మార్చుకోండి."

అత్త నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆమెకు ఒక్కటే భయం. ఈ మనిషి ఏదో ఒక రోజు మరిచిపోయి, ఆ ముక్కల్ని అలవాటుగా జేబులో వేసుకుని, కూర్చున్న చోటే ఒరిగిపోతాడని.

మిషన్ పెట్టి ఇంటికి పంపాక, ఆ తర్వాతి ఆదివారం నేను వెళ్లేసరికి అత్త హాల్లో చాప మీద బ్లేడు పట్టుకుని కూర్చుంది. పక్కన మామ చొక్కాల కుప్ప. ఒక్కో చొక్కా ఎడమ జేబు కుట్లు తెంపి, జేబును ఊడదీసి, బిస్కెట్ల డబ్బాలో పెడుతోంది. ఊడిన చోట గుడ్డ వెలిసిపోకుండా పాత రంగు అలాగే నిలిచి ఉంది. మామ కుర్చీలో కూర్చుని, ఎవరివో చొక్కాలైనట్టు చూస్తున్నాడు.

"ఏందత్తా గిది?"

"జేబులుంటే పెడ్తడే. జేబులే లేకుంటే యాడ పెడ్తడు?"

"డాక్టరు జానెడు దూరం సాలన్నది" అన్నాడు మామ. "ప్యాంటు జేబుల పెట్టుకుంట. జానెడు కంటె ఎక్వనే ఉంటది."

"నువ్వు వంగుతవ్. వంగి కారు కింద దూరుతవ్. అప్పుడు నీ జానెడు యాడికి పోతది?" అత్త బ్లేడు కింద పెట్టింది. "నువ్వు కిందవడ్డప్పుడు గేటు కాడ నేనున్న. నువ్వు గాదు జూసింది, నేను జూసిన."

మామ లేచి లోపలికి పోయి, అయస్కాంతాలన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి తెచ్చి, నా చేతికిచ్చాడు. "మీ అత్తకియ్యి. నేను ముట్ట" అన్నాడు. కళ్లలో నీళ్లు కనబడకుండా కారు వైపు తిరిగి నిలబడ్డాడు. నాకైతే ఆ రోజు అత్త మీద కోపమొచ్చింది, మామ మీద జాలేసింది, చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయాను.

అప్పటినుంచి ఆయన ఛాతీ మీద ఆ నాలుగు పలకల మచ్చతోనే తిరిగాడు. "సార్, జేబేమైంది?" అని ఎవరైనా అడిగితే, "మా ఇంటామె జప్తు జేసింది" అనేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ జేబుండాల్సిన చోట చెయ్యి వేసి తడుముకునేవాడు. ఏమీ ఉండదు. చెయ్యి దించేసేవాడు. కానీ ఇంట్లో మాత్రం సణుగుడు ఆపలేదు. బజారుకు పోతే పెన్ను పెట్టుకోను చోటు లేదు, కళ్లజోడు పెట్టుకోను చోటు లేదు, గీ ఇంట్ల నాకు జేబంత జాగ లేదు అని రోజూ ఒక పాట.

నూనె మార్చే వేళ వచ్చింది. మామ నన్ను పిలిచాడు. నేను బ్యాంకులో పనిచేసేదాన్ని, జీవితంలో స్పానర్ పట్టింది లేదు. కారు గేటు పక్కన ఆపి, ఆయన కుర్చీని తులసికోట దగ్గర వేశాం. మధ్యలో అత్త, అంపైర్‌లా చేతులు కట్టుకుని నిలబడింది. మామ అక్కణ్నుంచే అరుపులు.

"జెర మెల్లగ తిప్పు. ఎడమకే, ఎడమకు! బోల్టు ఊడంగనే చెయ్యి గుంజుకో, నూనె కాలుతది."

సరే, నూనె దిగింది. ఫిల్టర్ మీది అయస్కాంతాలు తీయబోయాను. మామ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ముందుగాల మ్యాగ్నెట్ తియ్యకు! తీస్తే పట్టుకున్నదంత మల్ల ఇడిసిపెడ్తది. డబ్బా ఊడదీసి, కోసి, గప్పుడు తియ్యి."

"నువ్వు కూసో!" అని అత్త అరిచింది.

ఆయన కూర్చున్నాడు. ఆయన చెప్పినట్టే చేశాను. చక్రం కటర్‌తో కోయడానికి నా చేతులు నొప్పి పుట్టాయి. అయస్కాంతాల్ని ప్లాస్టిక్ డబ్బాలో వేసి, డబ్బాను అత్త తీసుకెళ్లి పెరట్లో గోడ మీద పెట్టి వచ్చాక గానీ మామకు లేవడానికి హుకుం రాలేదు. నల్లముద్దను తెల్లపళ్లెంలోకి గీకి ఆయన ముందు పెట్టాను. వేలితో తీసి రుద్ది చూశాడు. తర్వాత పళ్లెం అత్త ముందుకు జరిపాడు. అన్నేళ్లలో ఆమె ఎప్పుడూ దాన్ని చూడలేదు. ఆమె వంగి చూసి, ఒక వేలు అద్దింది.

"గింత దానికా నన్ను ఇన్నేండ్లు సతాయించినవ్? దీనితోని ఫాయిదా ఉన్నదా అసలు?"

"ఏమో. ఉందో లేదో నాకు సుత తెల్వదు" అన్నాడు మామ. "కారు పాడైతదేమోనని నాకు బుగులు, గందుకే పెట్టిన. నువ్వు నా జేబులు ఊడదీసింది గూడ గంతే గదా. నేనేమన్న అన్ననా?"

"రోజు అన్నవ్."

"ఇగ అన."

నిజంగానే తర్వాత అనలేదు. ఆ సణుగుడు ఆ పూటతో ఆగిపోయింది. అత్త ఆ వేలి నలుపును కొంగుకు తుడుచుకుని లోపలికి పోయి, ఆ రోజు మాకు పూరీలు చేసింది. అలా ప్రతిసారీ నేను వెళ్లడం, ఆయన కుర్చీలోంచి అరవడం, ఆమె మధ్యలో నిలబడడం. మా ముగ్గురికీ అదొక పండగలా ఉండేది. ఆ కుర్చీలోంచి వచ్చే అరుపుల కోసమే నేను ప్రతిసారీ పనులు మానుకుని వెళ్లేదాన్నని ఇప్పుడు అర్థమవుతోంది. కారు ఇప్పుడూ గేటు లోపలే ఉంది. అమ్మనని అత్త చెప్పేసింది. వచ్చేసారి నూనె నేనే మారుస్తాను.

ఇక ఆ రోజు సంగతి. నేను హాస్పిటల్‌కు చేరేసరికి తమ్ముడు వచ్చి ఉన్నాడు. దహనానికి ముందు లోపలి మిషన్ తీసేయాలని, బ్యాటరీ ఉంటుంది కాబట్టి మంటలో పేలుతుందని అక్కడివాళ్లు చెప్పారు. తీశారు. చిన్న పని, త్వరగానే అయిపోయింది. ఇంటికి తెచ్చాక మామకు స్నానం చేయించే ఏర్పాట్లు చేస్తున్నారు. అత్త అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నదల్లా నన్ను సైగ చేసి పిలిచింది.

"మిషిని తీసేసిన్రా?"

"తీసేసిన్రత్తా."

"మొత్తమే?"

"మొత్తమే."

"అయితే ఇగ ఏం గాదు గదా?"

ఏమడుగుతోందో నాకు అర్థం కాలేదు. ఆమె మోకాళ్ల మీద చేతులూని లేచి లోపలికి పోయింది. బిస్కెట్ల డబ్బా, ప్లాస్టిక్ డబ్బా, మామ నీలం చొక్కా పట్టుకుని వచ్చి చాప మీద కూర్చుంది. డబ్బాలోంచి నీలం జేబు వెతికి తీసి, చొక్కా మీద ముదురు రంగు నిలిచిన చోట సరిగ్గా ఆనించి, సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చింది. నేను ఎక్కించి ఇచ్చాను. కుట్టడం మొదలుపెట్టింది.

పంతులు గారు రెండుసార్లు గడియారం చూశారు. పెద్దలెవరో, "అమ్మా, ఆలస్యమైతుంది, కొత్త పంచ ఉంది గదా, చొక్కా ఎందుకు" అన్నారు. అత్త తలెత్తలేదు. తమ్ముడు వాళ్లను చెయ్యెత్తి ఆపాడు. ప్లాస్టిక్ డబ్బా పక్కనే ఉండడంతో అయస్కాంతాలు సూదిని మాటిమాటికీ అటు లాగేసుకుంటున్నాయి. ఆమె విడిపించుకుని మళ్లీ కుడుతోంది. దూరం జరపనా అంటే వద్దని తల ఊపింది. అప్పటిదాకా ఏడవని మనిషి, జేబు మూడో అంచుకు వచ్చేసరికి, "పెన్ను పెట్టుకోను జాగ లేదంటివి గదయ్యా" అని చొక్కాలో మొహం పెట్టుకుని గట్టిగా ఏడ్చేసింది. నాకూ ఆగలేదు.

కుట్టడం పూర్తయింది. దారం పంటితో తెంపింది. స్నానం అయ్యాక మామకు ఆ చొక్కాయే తొడిగారు. అత్త డబ్బా మూత తీసి, ఒకదానికొకటి కరుచుకున్న ఆ నెలవంక ముక్కల్ని విడదీయకుండానే జేబులో వేసింది. జేబు కిందికి సాగింది. అప్పుడు మళ్లీ మా మామలా కనిపించాడు.

అందరూ పూలు వేస్తున్నారు. నా వంతు వచ్చి ఆయన మీదికి వంగినప్పుడు, జడలోంచి జారుతున్న నల్ల పిన్నొకటి ఊడి టక్కున ఆ జేబుకు అంటుకుంది. తమ్ముడు దాన్ని పీకి నా చేతికివ్వబోయాడు. నేను తీసుకోలేదు.